మెషిన్ సున్నా చూపిస్తే సరిపోదు: స్పోర్ట్స్ కారుకి కొత్త టైర్లు ఎక్కించే పద్ధతి

టైర్ల పని నేర్చుకోవడానికి వచ్చిన ఏ కుర్రాడికైనా నేను ముందు చెప్పేది ఒకటే. చక్రం చుట్టూ బరువు సమానంగా ఉందో లేదో చూపించే బ్యాలెన్సింగ్ మెషిన్ తెర మీద సున్నా కనబడగానే పని అయిపోయిందనుకోవద్దు. టైరు రిమ్ము మీద సరిగ్గా కూర్చోవాలి. రిమ్ము మెషిన్ మీద సరిగ్గా కూర్చోవాలి. చివరికి కారు హబ్ (చక్రాన్ని బిగించే దిమ్మ) మీద కూడా అలాగే కూర్చోవాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా ఆ సున్నా ఉత్త అంకె.

ఎందుకు ఇంత పట్టుదల అంటారా? చక్రం మధ్య నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో 20 గ్రాముల బరువు ఎక్కువ ఉందనుకోండి. రోడ్డు మీద టైరు రేడియస్ 34 సెంటీమీటర్లు అనుకుందాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ 20 గ్రాములు చక్రాన్ని దాదాపు మూడున్నర కిలోల బలంతో బయటికి లాగుతాయి. 250 దగ్గర అదే 20 గ్రాములు 21 కిలోల బలంతో లాగుతాయి, అదీ సెకనుకి 32 సార్లు. వేగం రెండున్నర రెట్లే పెరిగింది, బలం ఆరు రెట్లు దాటింది. అందుకే మామూలు కారులో ఎవరికీ తెలియకుండా పోయే తేడా స్పోర్ట్స్ కారులో చేతికి తెలుస్తుంది.

జాకీ ముట్టుకునే ముందు కొత్త టైర్ల పక్కగోడలు చదవండి. 245/35 జెడ్‌ఆర్ 20 అని, పక్కనే బ్రాకెట్‌లో 95వై అని ఉందనుకోండి. వెడల్పు 245 ఎంఎం, పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 35 శాతం, రిమ్ము 20 అంగుళాలు. 95 అంటే ఒక్కో టైరు 690 కిలోలు మోస్తుంది. వై అంటే 300 వేగం వరకు, బ్రాకెట్‌లో ఉంటే అంతకు మించి కూడా. కారుకి కంపెనీ చెప్పిన లోడ్ నంబరు కన్నా, స్పీడ్ అక్షరం కన్నా తక్కువది ఎక్కించకండి. పక్కగోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే కోడ్ చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం: 2324 అంటే 2024లో 23వ వారం. ఒకే యాక్సిల్ మీద రెండు టైర్ల తేదీలు దగ్గర దగ్గరగా ఉండాలని నేను పట్టుబడతాను. పోర్షాకి ఎన్‌0, ఎన్‌1 లాంటి గుర్తులు, బీఎండబ్ల్యూకి నక్షత్రం, మెర్సిడెస్‌కి ఎంఓ ఉంటాయి. అవి ఆ కారు కోసమే తయారీదారు సరిచూసి ఒప్పుకున్న టైర్లని అర్థం. ఒకే పేరున్న టైరు అయినా గుర్తు మారితే లోపలి కట్టు, రబ్బరు మారవచ్చు. కాబట్టి ఒక కారులో గుర్తులు కలపొద్దు.

ఇలాంటి కార్లలో చాలావాటికి ముందు సైజు వేరు, వెనక సైజు వేరు. దానికి తోడు టైరు మీద తిరిగే దిశ బాణం కూడా ఉంటే, నాలుగింటికీ ఒక్కొక్క చోటే ఉంటుంది. బాణం లేకుండా అవుట్‌సైడ్ అని మాత్రమే రాసి ఉంటే ఆ వైపు బయటికి వస్తే చాలు. సుద్దముక్కతో ముందే నాలుగు టైర్ల మీదా వాటి చోటు రాసి పెట్టుకోండి. ఎక్కించాక తెలిసిందంటే గట్టి బీడ్‌ని, అంటే రిమ్ముని పట్టుకునే టైరు లోపలి అంచుని, మళ్ళీ విప్పాలి. ప్రతి విప్పుడుకీ బీడ్ కొంత నలుగుతుంది.

చలిలో నిల్వ ఉన్న టైర్లయితే గదిలో పెట్టి 15, 20 డిగ్రీలకు వెచ్చబడనివ్వండి. మెత్తటి సమ్మర్ రబ్బరు గడ్డకట్టే చలిలో పెళుసుగా మారుతుంది, వంచితే పగలొచ్చు.

కారుని ఎత్తేటప్పుడు కంపెనీ చూపించిన పాయింట్ల కిందే, రబ్బరు దిమ్మ పెట్టి ఎత్తండి. కార్బన్ సిరామిక్ డిస్కులు ఉంటే చక్రం ఊడదీసే ముందు పై బోల్టు తీసిన చోట గైడ్ పిన్ను బిగించండి. ఆ డిస్కు అంచుకి రిమ్ము తగిలితే పెచ్చు ఊడుతుంది, డిస్కు మార్చడం తప్ప మార్గం ఉండకపోవచ్చు.

పాత టైరు విప్పడానికి ముందుగా వాల్వ్ పిన్ను తీసి గాలి మొత్తం దించాలి. బీడ్‌ని నొక్కేది వాల్వ్ దగ్గర కాదు, దానికి ఎదురు వైపు. వాల్వ్ వెనకే గాలి సెన్సర్ ఉంటుంది. రిమ్ముకి తగిలే ప్రతి భాగానికీ ప్లాస్టిక్ తొడుగు ఉండాలి. 30, 35 ప్రొఫైల్ (పక్కగోడ ఎత్తు శాతం) టైర్లకి టైర్ లివర్ అవసరం లేని మెషిన్, పక్కన నొక్కిపట్టే చేయి ఉంటే మంచిది. అవి లేకుండా బలంతో నెగ్గుకొస్తామంటే నేను ఒప్పుకోను.

టైరు ఊడిన తర్వాత, కొత్తది ఎక్కించే ముందు, ఉత్త రిమ్మునే బ్యాలెన్సర్ మీద పెట్టి తిప్పండి. చాలామంది వదిలేసే పని ఇది. బీడ్ కూర్చునే అంచు పక్కన కదలని ముల్లు లాంటిది ఏదైనా పెట్టి, అంచుకీ ముల్లుకీ మధ్య సందు చూడండి. సందు పెరిగి తగ్గుతుంటే రిమ్ము వంకర. డయల్ గేజ్ ఉంటే కొలవండి. అర ఎంఎం దాటితే ఆ చక్రాన్ని నేను వేగంగా నడిపే కారుకి పంపను. లోపలి వైపు చువ్వలు మొదలయ్యే చోట సన్నటి పగుళ్ళున్నాయేమో టార్చితో చూడండి. బ్యాలెన్స్ కోసం అంటించిన పాత వెయిట్ల జిగురు మొత్తం ప్లాస్టిక్ గరిటెతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. బీడ్ కూర్చునే గాడిలో ఎండిన రబ్బరు తొక్కలుంటే తీసేయండి.

ఎక్కించేటప్పుడు టైరు పేస్టు బీడ్ రెండు అంచులకీ, రిమ్ము అంచుకీ పల్చగా రాయండి. పెట్రోలియం గ్రీజు, సిలికాన్, సబ్బునీళ్ళు వద్దు. పేస్టు ఎక్కువైతే ఇంకో ముప్పు ఉంది. ఇంజిన్ బలం, బ్రేకు బలం ఎక్కువున్న కార్లలో రిమ్ము తిరిగినంత టైరు తిరగక రిమ్ము మీద జారుతుంది. జారితే బ్యాలెన్స్ పోయినట్టే. రిమ్ము మధ్య గుంట ఏ వైపు అంచుకి దగ్గరగా ఉందో చూసి, ఆ వైపు పైకి పెట్టి ఎక్కించండి. కొన్ని రిమ్ములకి మొహం కిందికి పెట్టాల్సి వస్తుంది. మెషిన్ చేయి బీడ్‌ని ఒక వైపు ఎక్కిస్తుంటే, ఎదురు వైపు బీడ్ ఆ గుంటలో దిగి ఉండాలి. అప్పుడే చోటు దొరుకుతుంది. బిగుసుకుపోతే ఆపి గుంటలోకి నొక్కండి, మెషిన్‌ని గట్టిగా తిప్పకండి. బీడ్ గీసుకుంటూ పోయే చోట సెన్సర్ రాకుండా, ముందే నెమ్మదిగా ఓసారి తిప్పి చూసుకోండి.

పక్కగోడ మీద రంగు చుక్కలుంటాయి. పసుపు చుక్క టైరు తేలిగ్గా ఉన్న చోటు, దాన్ని వాల్వ్ పక్కకి తెండి. ఎర్ర చుక్క ఉంటే దానికే మొదటి మాట. టైరు ఎక్కువ ఎత్తుగా లేదా బిగువుగా ఉన్న చోటు అది. రిమ్ము తయారీదారు తక్కువ ఎత్తున్న చోటుకి గుర్తు పెట్టి ఉంటే ఎర్ర చుక్క సరిగ్గా ఆ గుర్తు పక్కకే రావాలి.

గాలి కొట్టేటప్పుడు వాల్వ్ పిన్ను తీసే ఉంచండి, గాలి ధారగా వెళ్తుంది. క్లిప్పుతో పట్టుకునే పైపు వాడి దూరంగా నిలబడండి. టైరు మీద వంగి చూడొద్దు. రెండు బీడ్లూ ఒకదాని తర్వాత ఒకటి ఠప్‌మని కూర్చుంటాయి. 40 పీఎస్ఐ దగ్గరికి వచ్చినా కూర్చోకపోతే ఆపండి, గాలి దించండి, మళ్ళీ పేస్టు రాసి మొదలుపెట్టండి. ఒత్తిడి పెంచి కూర్చోబెట్టాలని చూస్తే బీడ్ తీగ తెగి ప్రాణం మీదికి రావచ్చు. ఠప్‌మన్నంత మాత్రాన కూర్చున్నట్టు కూడా కాదు. రిమ్ము అంచు పక్కనే టైరు మీద సన్నటి గీత ఒకటి చుట్టూ పోతుంది. ఆ గీతకీ రిమ్ముకీ మధ్య ఎడం చుట్టూ ఒకేలా ఉందా? రెండు వైపులా వేలు పెట్టి తడుముతూ చూడండి. ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా ఉంటే బీడ్ అక్కడ కూర్చోలేదు. అలాంటి టైరుని ఎన్ని వెయిట్లతో బ్యాలెన్స్ చేసినా అదురు పోదు.

కూర్చున్నాక వాల్వ్ పిన్ను బిగించి, కంపెనీ చెప్పిన ఒత్తిడి పెట్టి, టైరు మీదుగా రిమ్ము మీదికి సుద్దతో అడ్డంగా ఒక చిన్న గీత గీయండి. దాని అవసరం తర్వాత వస్తుంది.

ఇక బ్యాలెన్సింగ్. ఇక్కడ నా సమయంలో సగం చక్రాన్ని మెషిన్ మీద మధ్యకి తేవడానికే పోతుంది. టైరుతో కలిపి చక్రం 22 కిలోలు అనుకోండి. అది మెషిన్ ఇరుసు మీద 0.1 ఎంఎం పక్కకి కూర్చుందంటే, 25 సెంటీమీటర్ల దూరంలో దాదాపు 9 గ్రాములు తప్పు చూపిస్తుంది. 0.1 ఎంఎం అంటే తలవెంట్రుక మందం కన్నా కొంచెమే ఎక్కువ. అదిరిపోతోందని నా దగ్గరికి వచ్చిన ఒక కారుకి అంతకుముందే వేరేచోట బ్యాలెన్స్ చేశారు, వెయిట్లు బోలెడు అంటించారు. చక్రం ఊడదీసి చూస్తే రిమ్ము వెనక, హబ్‌కి ఆనే మొహం మీద, గోరంత తుప్పు పెచ్చు అతుక్కుని ఉంది. దాని మీదే మెషిన్‌లో బిగించారు, దాని మీదే కారుకి బిగించారు. పెచ్చు గీకి, తుడిచి, ఉన్న వెయిట్లన్నీ తీసేసి మొదటి నుంచి చేస్తే పట్టిన బరువు సగం కూడా లేదు.

కాబట్టి రిమ్ము వెనక మొహం, మధ్య రంధ్రం, మెషిన్ ఫ్లాంజ్ (చక్రం ఆనే పళ్ళెం), కోను (మధ్య రంధ్రంలో దూరే శంకువు) అన్నీ గుడ్డతో తుడవండి. రంధ్రానికి సరిపడే కోను వెనక వైపు నుంచి పెట్టండి. ముందు వైపు బోల్టు రంధ్రాల్లో ఆనే వేళ్ళ ప్లేటు ఉంటే అది వాడండి. నట్టు బిగిస్తూ చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ ఉండండి, బరువుకి ఒక వైపు వాలిపోకుండా మధ్యకి వస్తుంది. తర్వాత అసలు పరీక్ష. వెయిట్లు పెట్టి సున్నా వచ్చాక, నట్టు వదులు చేసి, ఇరుసు కదలకుండా పట్టుకుని చక్రాన్ని మాత్రం అర చుట్టు తిప్పి, మళ్ళీ బిగించి తిప్పండి. అప్పుడూ సున్నాకి దగ్గరగా వస్తే నిజమైన సున్నా. 0.1 ఎంఎం తప్పుంటే ఈసారి రెట్టింపు, 18 గ్రాముల దాకా చూపిస్తుంది.

మెషిన్లు 5 గ్రాముల లోపు తేడాని సున్నాగా గుండ్రం చేసి చూపిస్తాయి. అసలు అంకె చూపించే బటన్ ఉంటుంది, అది నొక్కండి. కొలత చేతిని వెయిట్ నిజంగా అంటించబోయే చోటే తాకించండి. ఆ దూరం తప్పిస్తే ఇటు 5, అటు 10 అంటూ మెషిన్ మిమ్మల్ని తిప్పుతూనే ఉంటుంది. వెయిట్లు రెండు వరసల్లో వస్తాయి: ఒకటి లోపలి అంచు దగ్గర, ఒకటి చువ్వల వెనక. వెయిట్ పెట్టాక మిగిలిన తేడా పెట్టిన చోట నుంచి పావు చుట్టు దూరంలో చూపిస్తే కొత్త వెయిట్ కలపకండి. 60 గ్రాముల వెయిట్ 5 డిగ్రీలు పక్కకి అంటుకున్నా సరిగ్గా అలాగే, 5 గ్రాములు చూపిస్తుంది. ఉన్నదాన్ని కొంచెం జరపండి.

ఒక చక్రానికి 80 గ్రాములు దాటుతుంటే నేను వెయిట్లు అంటించను. గాలి దించి, టైరుని రిమ్ము మీద అర చుట్టు తిప్పి మళ్ళీ కూర్చోబెడతాను. చాలాసార్లు బాగా తగ్గుతుంది. బ్యాలెన్స్ సరిచేసేది బరువు తేడానే. టైరు గుండ్రంగా లేకపోయినా, ఒకచోట బిగువు ఎక్కువైనా మామూలు మెషిన్‌కి తెలియదు. టైరు మీద రోలర్ నొక్కి కొలిచే రోడ్ ఫోర్స్ మెషిన్ ఉన్నది అందుకే.

అంటించే వెయిట్ల అడుగున రిమ్ము మళ్ళీ ఆల్కహాల్‌తో తుడిచి, పొడిగా ఆరాక గట్టిగా నొక్కి అంటించండి. పెద్ద బ్రేక్ క్యాలిపర్‌కి తగలకుండా సందు ఉందో లేదో కారుకి ఎక్కించాక చేత్తో ఒక చుట్టు తిప్పి చూడండి. ట్రాక్ మీదికి వెళ్ళే కారైతే బ్రేకు వేడికి జిగురు వదలొచ్చు, వెయిట్ల మీద అల్యూమినియం టేపు అడ్డంగా వేస్తాను.

కారుకి బిగించే ముందు హబ్ మొహం, దాని మధ్య దిమ్మ వైరు బ్రష్‌తో శుభ్రం చేయండి. చక్రం గాల్లో ఉండగానే బోల్టులు నక్షత్రం వరసలో కొంచెం కొంచెంగా బిగించండి, నేల మీదికి దించాక టార్క్ రెంచితో పూర్తి చేయండి. ఎంత టార్క్ అన్నది మాన్యువల్‌లో చూసే పెట్టండి. మధ్యలో ఒకే నట్టు ఉండే కార్లకి లెక్కే వేరు: 991 తరం పోర్షా 911 జీటీ3కి 600 న్యూటన్ మీటర్లు కావాలి. ఒకరు లోపల బ్రేకు నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు పొడుగాటి రెంచితో బిగించాలి. తయారీదారు చెప్పిన పేస్టు మాత్రమే వాడాలి, లోపలి తాళం పిన్ను బయటికి వచ్చిందో లేదో కళ్ళతో చూడాలి. ఎయిర్ గన్నుతో చివరి బిగింపు ఏ కారుకీ వద్దు.

సెన్సర్లని కారుకి గుర్తు చేయించి, అలైన్‌మెంట్ చూపించండి. మొదటి రోజంతా గట్టి యాక్సిలరేషన్, గట్టి బ్రేకు వద్దు, పేస్టు ఆరాలి. మొదటి 300 కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి, అచ్చు నుంచి వచ్చిన జారుడు పొర అరిగేదాకా పూర్తి పట్టు రాదు. 100 కిలోమీటర్లు తిరిగాక టార్క్ మళ్ళీ చూడండి. చల్లగా ఉన్నప్పుడు గాలి కూడా చూడండి. అప్పుడే ఆ సుద్దగీత చూడండి: టైరు మీది ముక్క, రిమ్ము మీది ముక్క ఒకే వరసలో ఉంటే సరే. విడిపోయి ఉంటే టైరు జారింది, ఆ చక్రాన్ని మళ్ళీ బ్యాలెన్స్ చేయాలి. గీత కదలకపోయినా అదురు ఉందంటే, స్టీరింగ్‌లో తెలిస్తే ముందు చక్రాలతో, సీట్లో తెలిస్తే వెనక చక్రాలతో వెతకడం మొదలుపెట్టండి.