ఇంప్లాంట్ మీద క్రౌన్, 4వ పాఠం: స్క్రూనా, సిమెంటా?

పోయిన పాఠంలో కొలతలు ల్యాబ్‌కు పంపాం. ఇంప్లాంట్ (ఎముకలో నాటిన కృత్రిమ వేరు) మీద పెట్టే క్రౌన్, అంటే పంటి తొడుగు, వచ్చేసింది, ఇక బిగించాలి.

స్క్రూ రంధ్రం నమిలే వైపు వస్తుందంటే నేను స్క్రూకే ఓటేస్తాను. తిరుపతిలో మన దగ్గరికి పీలేరు, పుత్తూరు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు చాలామంది. "పన్ను కదల్తా ఉంది సార్" అని వస్తే, రంధ్రం తెరిచి స్క్రూ బిగించి ఆ పూటే పంపేయొచ్చు. సిమెంటుతో అతికించిన క్రౌన్‌ను ఒక్కోసారి కోసి తీయాల్సి వస్తుంది.

స్క్రూను ముందు చేత్తోనే తిప్పండి. క్రౌన్ పూర్తిగా దిగకపోతే బలవంతం చేయొద్దు. పక్క పన్ను ఒత్తుతోందేమో ఫ్లాస్‌తో చూడండి. ఎక్స్‌రేలో క్రౌన్ కింద సందు లేదని తేలాకే టార్క్ రెంచ్ (ఎంత బలంతో తిప్పుతున్నామో చూపే పానా) పట్టుకోండి. చాలా ఇంప్లాంట్ సిస్టమ్‌లలో టార్క్ (తిప్పే బలం) 30–35 న్యూటన్ సెంటీమీటర్లు ఉంటుంది, అయినా మీ కంపెనీ ఇచ్చిన అంకెనే పాటించండి. పది నిమిషాలాగి మళ్లీ అంతే టార్క్ ఇవ్వండి. ఎందుకంటే స్క్రూ మరల్లోని గరుకు నలిగి మొదటి బిగువు కొంత సడలుతుంది. స్క్రూ తల మీద టెఫ్లాన్ టేపు, ఆపైన కాంపోజిట్ (పంటి రంగు పూరకం).

ముందు పళ్లలో ఇంప్లాంట్ వాలి రంధ్రం పెదవి వైపు తేలితే చాలాసార్లు సిమెంటే దిక్కు. అక్కడే అసలు జాగ్రత్త కావాలి. చిగురు కింద మిగిలిన సిమెంటు ముక్క నెలలకో, ఏళ్లకో చీము పట్టించి ఎముకను తినేస్తుంది. చిగురు అంచుకు ఒక మిల్లీమీటరుకు మించి కిందికి మార్జిన్ (క్రౌన్ అంచు) ఉంటే శుభ్రం చేయడం మహా కష్టం.

అందుకే ఈ పని నేర్చుకోండి. క్రౌన్ లోపల పలుచగా టెఫ్లాన్ టేపు పరిచి, బైట్ సిలికాన్ (కాటు అచ్చు తీసే పదార్థం) నింపండి. పట్టుకోవడానికి పైన కొంత పిడి వదలండి. గట్టిపడ్డాక లాగితే అబట్‌మెంట్ (ఇంప్లాంట్ మీద క్రౌన్ కూర్చునే దిమ్మ) నకలు చేతికొస్తుంది. టేపు తీసేసి, క్రౌన్ లోపలి గోడలకు సిమెంటు పూయండి. ముందు ఆ నకలు మీద నొక్కండి. ఎక్కువైందంతా నోటి బయటే పొంగి వచ్చేస్తుంది. తుడిచి, వెంటనే నోట్లో పెట్టండి. లోపల పలచటి పొర మిగులుతుంది, అది చాలు.

గట్టిపడ్డాక ఫ్లాస్, ప్రోబ్ (సన్నటి కొన ఉన్న పరికరం)తో చుట్టూ వెతకండి. ఎక్స్‌రేను మాత్రమే నమ్ముకోవద్దు: పెదవి వైపు, నాలుక వైపు ఉన్న సిమెంటును క్రౌనే కప్పేస్తుంది.

వచ్చే పాఠంలో బైట్ (పై, కింది పళ్లు కలిసే తీరు) చూద్దాం. ఈలోగా పాత మోడల్ మీద నకలు మూడు నాలుగుసార్లు చేసి చూడండి. టేపు ముడతపడితే మళ్లీ మొదలుపెట్టండి.