పుణెలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కిరాయికి: 3వ పాఠం – అగ్రిమెంట్

పోయిన పాఠంలో ఫ్లాట్ చూసేటప్పుడు ఏమేం అడగాలో నేర్చుకున్నాం. కల్యాణి నగర్‌లోనో ఔంధ్‌లోనో ఇల్లు నచ్చింది, కిరాయి కుదిరింది అనుకుందాం. ఇక కాగితం పని.

మన నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మన చుట్టాలు చాలామంది నిజామాబాద్‌లో, హైదరాబాద్‌లో ఉంటారు కాబట్టి సలహా వాళ్లనే అడుగుతాం. "పదకొండు నెలలకు రాసుకుని నోటరీ చేయిస్తే సరిపోతుంది" అంటారు. అక్కడి అలవాటు అది. పుణెలో నడిచేది మహారాష్ట్ర చట్టం. 1999 నాటి మహారాష్ట్ర రెంట్ కంట్రోల్ చట్టం 55వ సెక్షన్ ప్రకారం కిరాయి ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, రిజిస్టర్ కూడా కావాలి. పదకొండు నెలలకైనా అంతే. రిజిస్టర్ చేయించే బాధ్యత ఓనర్‌ది. చేయించకపోతే ఆయనకు మూడు నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

ఒప్పందం రిజిస్టర్ కాకుండా ఇంట్లో ఉంటే, షరతుల మీద గొడవ వచ్చినప్పుడు కిరాయిదారు చెప్పిందే నిజమని చట్టం అనుకుంటుంది. అది తప్పని ఓనరే రుజువు చేయాలి. అలాగని ధీమాగా కాగితం లేకుండా దిగకండి. లక్షకు పైగా డిపాజిట్ ఆయన దగ్గర పెట్టి, నాందేడ్ జిల్లా నుంచి వచ్చి కోర్టు చుట్టూ తిరగడం ఎవరివల్ల అవుతుంది?

ఖర్చు కూడా భయపడేంత కాదు. ఒక లెక్క వేద్దాం, కాగితం పెన్ను తీసుకోండి. కిరాయి నెలకు 40,000, తిరిగి వచ్చే డిపాజిట్ 1,20,000, గడువు 11 నెలలు. మొత్తం కిరాయి 4,40,000. స్టాంప్ డ్యూటీ లెక్క కోసం డిపాజిట్ మీద కూడా వడ్డీ వేస్తారు: ఏడాదికి 10 శాతం చొప్పున 11 నెలలకు 11,000. రెండూ కలిపితే 4,51,000. అందులో 0.25 శాతం స్టాంప్ డ్యూటీ, అంటే దాదాపు 1,130 రూపాయలు. కార్పొరేషన్ పరిధిలో రిజిస్ట్రేషన్ ఫీజు 1,000. ఏజెంట్ ఇంతకన్నా చాలా ఎక్కువ చెబితే అందులో తన కూలి ఎంతో విడిగా రాసివ్వమనండి. ఇదంతా ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. ఆధార్‌తో వేలిముద్రలు ఇస్తే చాలు.

ఇప్పుడు చదవడం. 'లీవ్ అండ్ లైసెన్స్' (ఇంటి మీద హక్కు ఇవ్వకుండా, ఉండటానికి మాత్రం ఓనర్ ఇచ్చే అనుమతి) అని రాసి ఉంటుంది, టెన్షన్ పడకండి, అక్కడ అందరూ చేసుకునేది అదే. ముందుగా లాక్-ఇన్, అంటే ఇల్లు వదలకూడని కనీస గడువు చూడండి: ఆరు నెలలని ఉంటే, నాలుగో నెలలో ఉద్యోగం బెంగళూరుకు మారినా మిగతా కిరాయి అడగవచ్చు. బదిలీలుండే ఉద్యోగమైతే దీన్ని తగ్గించమని గట్టిగా అడగండి, ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు. నోటీసు గడువు ఇద్దరికీ ఒకేలా ఉందా చూడండి. డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, పెయింటింగ్ పేరుతో ఎంత కోస్తారు అన్నవి అంకెల్లో ఉండాలి. "మన మధ్య ఏముందండీ" అని ఓనర్ మంచిగా అన్నా సరే, రాయించండి.

మంచి ఏరియాల సొసైటీల్లో ఇంకొకటి ఉంటుంది. ఓనర్ తాను ఉండకుండా కిరాయికి ఇస్తే సొసైటీ నాన్-ఆక్యుపెన్సీ చార్జీ వేస్తుంది. అది సర్వీస్ చార్జీల్లో 10 శాతం మించకూడదు, పడేది ఓనర్ మీద. మెయింటెనెన్స్ ఎవరిది, ఈ చార్జీ ఎవరిది అని రెండు వేర్వేరు వాక్యాల్లో ఉండాలి.

గడువు తేదీని ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. అదే రెంట్ కంట్రోల్ చట్టం 24వ సెక్షన్ కింద గడువు దాటాక ఖాళీ చేయకుండా ఉంటే రెట్టింపు కిరాయి పడవచ్చు. ఇంకా ఉండాలనుకుంటే కొత్త ఒప్పందం ముందే రిజిస్టర్ కావాలి.

అభ్యాసం: కిరాయి 32,000, డిపాజిట్ 1,00,000, గడువు 24 నెలలు. స్టాంప్ డ్యూటీ ఎంత? జవాబు 1,970 రూపాయలు రావాలి. రాకపోతే వడ్డీని రెండేళ్లకూ వేశారా చూసుకోండి. తాళాలు తీసుకునే రోజు ఫోటోలు, మీటర్ రీడింగ్, పోలీసు వెరిఫికేషన్ సంగతి 4వ పాఠంలో.