గోధుమలో తుప్పు నిరోధకత, 4వ పాఠం: కంకి మీద సంకరం, ఆకు మీద పరీక్ష

గత పాఠంలో నిరోధక జన్యువు ఇచ్చే దాతను తేల్చుకున్నాం. ఆకు తుప్పు అనే శిలీంధ్ర తెగులును ఆపే ఎల్ఆర్24 జన్యువు ఉన్న తెల్ల గింజ వంగడం. గింజ రంగు దగ్గర అంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఈ జన్యువు పుట్టుకతో గోధుమది కాదు. అగ్రోపైరాన్ అనే గడ్డి నుంచి గోధుమ 3డి క్రోమోజోముకు అతుక్కున్న ముక్కలో వచ్చింది. అదే ముక్కలో కాండానికి పట్టే నల్ల తుప్పును ఆపే ఎస్ఆర్24 కూడా ఉంది, అది మనకు కలిసొచ్చేదే. కానీ ‘ఏజెంట్’ అనే రకంలో దాని పక్కనే ఎర్ర గింజ జన్యువు ఉంటుంది. చపాతీకి ఎర్ర గోధుమంటే మన మార్కెట్టు మొహం తిప్పుకుంటుంది. అమెరికా గోధుమ జన్యుశాస్త్రవేత్త సియర్స్ తీసిన కొన్ని వంగడాల్లో ఆ ముడి విడిపోయి తెల్ల గింజ వచ్చింది. దాతగా ఎర్రదాన్ని పెట్టుకుంటే, నిరోధకత ఉన్న మొక్కను ఎంచిన ప్రతిసారీ ఆ రంగూ వెంటబడి వస్తుంది.

ఇక నుంచి దిగుబడి బాగున్నా ఆకు తుప్పుకు లొంగే రకాన్ని ‘మన రకం’ అని, జన్యువు ఇచ్చేదాన్ని ‘దాత’ అని పిలుద్దాం.

ఎవరు తల్లి, ఎవరు తండ్రి

ఎప్పుడూ మన రకాన్నే తల్లిగా పెట్టండి. ఇది ఆనవాయితీ కాదు, లెక్క. చేత్తో చేసే పనిలో ఎక్కడో ఒక పుప్పొడి తిత్తి మిగిలిపోతుంది, ఆ పువ్వు తనతో తానే గింజ కడుతుంది. తల్లి మన రకమైతే ఆ దొంగ గింజ మొలిచినప్పుడు తుప్పుకు లొంగుతుంది, పరీక్షలో దానంతటదే బయటపడుతుంది. బ్యాక్‌క్రాసులో, అంటే మొదటి సంకరంలో వచ్చిన ఎఫ్1 మొక్కను మళ్ళీ మన రకంతో కలిపేటప్పుడు, ఎఫ్1ను తల్లిగా పెట్టారనుకోండి, స్వపరాగంతో పుట్టిన గింజల్లో నాలుగింట మూడు నిరోధకంగానే కనిపిస్తాయి. అవి అసలు బ్యాక్‌క్రాసు గింజల్లో కలిసిపోతే విడదీయడం మీ తరం కాదు.

రెండూ ఒకే సమయానికి పూతకు రావాలంటే దాతను పది రోజుల ఎడంతో మూడు విడతలుగా విత్తండి. తెలంగాణలో నవంబరు మొదటి పక్షంలో వేస్తే జనవరిలో కంకి బయటికొస్తుంది. పంజాబు, హర్యానాల్లో సంకరాలు ఫిబ్రవరి, మార్చిలో సాగుతాయి. ఇక్కడ మనకు ఆ వెసులుబాటు లేదు. ఎండ ముదిరితే పుప్పొడి నిలవదు.

కంకిని సిద్ధం చేయడం

కావలసినవి: సన్నమొన పట్టకారు, చిన్న కత్తెర, బటర్ పేపరు సంచులు, గుండుసూదులు, ట్యాగులు, పెన్సిలు, చిన్న సీసాలో స్పిరిట్. పెన్ను వద్దు, మంచుకు సిరా కరిగిపోతుంది.

జెండా ఆకు (కంకి కింది చివరి ఆకు) తొడుగులోంచి అప్పుడే బయటపడుతున్న కంకిని ఎంచండి. నడిమి పువ్వు ఒకటి విప్పి చూడండి. తిత్తులు ఆకుపచ్చగా ఉంటే సరైన దశ. పచ్చదనం పోయి పసుపుకు తిరిగితే ఆ కంకిని వదిలేయండి, పట్టకారు తగలగానే పగిలి పొడి రాలుస్తుంది.

కంకికి ఇరవై దాకా చిరుకంకులుంటాయి. అడుగున, కొసన ఉన్నవి బలహీనం, తీసేసి నడిమి పది పన్నెండు ఉంచండి. ప్రతి చిరుకంకిలోనూ మధ్య పువ్వులను పట్టకారుతో పట్టి కిందికి లాగితే ఊడి వస్తాయి, ఇరువైపులా ఒక్కో పువ్వు మిగులుతుంది. ఇప్పుడు కత్తెరతో పొట్టు రేకుల పై మూడో వంతు అడ్డంగా కోయండి. మరీ కిందికి కోస్తే కీలాగ్రం తెగుతుంది, మరీ పైన కోస్తే లోపల ఏముందో కనపడదు. ఒక్కో పువ్వులో మూడు తిత్తులు. పట్టకారు మొనను లోపలికి దింపి, రేకును వేలితో కొంచెం ఒత్తి, మూడూ లెక్కపెట్టి తీయండి. పన్నెండు చిరుకంకులంటే ఇరవై నాలుగు పువ్వులు, డెబ్బై రెండు తిత్తులు. కొత్తవాళ్ళు అలిసిపోయి తప్పు చేసేది చివరి పది పువ్వుల్లోనే, కాబట్టి మొదటి రోజు రెండు కంకులకు మించి పెట్టుకోకండి. తిత్తి పగిలితే ఆ పువ్వునే పీకేసి, పట్టకారును స్పిరిట్‌లో ముంచి తుడవండి.

సంచి తొడిగి, అడుగున మడతపెట్టి గుండుసూది గుచ్చండి. ట్యాగు మీద తల్లి పేరు, తిత్తులు తీసిన తేదీ.

పుప్పొడి వేయడం

రెండు మూడు రోజులకు సంచి పైకొస తెరిచి చూస్తే కీలాగ్రం తెల్లగా, ఈకలా విప్పారి ఉంటుంది. అదే అదను. అండాశయం అప్పటికే ఉబ్బి ఉంటే ఆ పువ్వు స్వపరాగం జరిగిపోయింది, తీసేయండి.

ఉదయం తొమ్మిది, పదకొండు గంటల మధ్య దాత మొక్కలో పసుపు తిత్తులు కొసల్లో తొంగిచూస్తున్న కంకిని కోసి, దాని రేకులనూ కత్తిరించి రెండు మూడు నిమిషాలు ఎండలో పట్టుకోండి. తిత్తులు మీ కళ్ళముందే బయటికి లేస్తాయి. దాన్ని తలకిందులుగా తల్లి కంకి సంచిలోకి దింపి రెండు వేళ్ళ మధ్య గిరగిరా తిప్పండి, పొడి కంకంతా రాలుతుంది. గోధుమ పుప్పొడికి ఆయువు నిమిషాల్లోనే. కోసిన కంకిని చేతిలో పట్టుకుని చేనంతా తిరిగితే అది పుప్పొడి కాదు, ఉత్త పొడి.

ట్యాగు మీద తండ్రి పేరు, తేదీ రాయండి. తల్లి పేరు ముందు, గీత, తర్వాత తండ్రి పేరు. నెల రోజులకు గింజ కోతకొస్తుంది. ముడతలుపడి చిన్నగా ఉంటుంది, భయపడొద్దు, మొలుస్తుంది.

తల్లిదండ్రులు రెండూ స్థిరపడ్డ వంగడాలు కాబట్టి ఎఫ్1 మొక్కలు నాలుగైదు చాలు. అవే మళ్ళీ మన రకానికి తండ్రి అవుతాయి. ఆ సంకరంలో వచ్చిన గింజలే బిసి1. అసలు ఎంపిక ఇక్కడ మొదలవుతుంది.

ఆకు మీద పరీక్ష

ఎల్ఆర్24 మొలక దశలోనే పనిచేస్తుంది, జన్యువు ఒక్క ప్రతి (కాపీ) ఉన్నా దాని ప్రభావం కనిపిస్తుంది. అందుకే పూత దాకా ఆగక్కర్లేదు. బిసి1లో సగం మొక్కలకు జన్యువు ఉంటుంది, సగానికి ఉండదు. ఐదు మొక్కలు పెంచితే కనీసం ఒకదానికైనా ఉండే అవకాశం నూటికి 97. అయినా ఇరవై పెంచండి, నిరోధకమైన పదింట్లో మన రకం పోలికలు ఎక్కువున్నదాన్ని ఏరుకోవచ్చు.

ఒక్కో కప్పులో ఒక్కో గింజ. పక్కన మన రకం, దాత, తుప్పుకు తేలిగ్గా లొంగే ‘ఆగ్రా లోకల్’ రకం తప్పకుండా ఉండాలి. ఏడెనిమిది రోజులకు మొదటి ఆకు పూర్తిగా విచ్చుకుంటుంది. తడి వేళ్ళతో ఆకును మెల్లగా నిమిరి మైనపు పొర తొలగించండి, లేకపోతే నీటిబొట్టు నిలవదు. మన దేశంలో చాలా ఏళ్ళు ఎక్కువగా కనిపించిన 77-5 రేసు (తుప్పు శిలీంధ్రంలో ఒక రకం) శుద్ధ బీజాన్ని, అంటే దాని స్పోర్ల పొడిని, సిమ్లాలోని ఫ్లవర్‌డేల్ గోధుమ పరిశోధన కేంద్రం నుంచి తెప్పించుకోవాలి. చేలో దొరికిన కలగాపులగం పొడితో చేస్తే ఏ రేసుకు ఏ జన్యువు నిలబడిందో చెప్పలేరు. బీజాన్ని టాల్కం పొడిలో కలిపి ఆకుల మీద చల్లి, సన్నగా నీరు పిచికారీ చేసి, మూత ఉన్న పెట్టెలో ఒక రాత్రంతా తేమలో ఉంచండి. ఉష్ణోగ్రత ఇరవై, ఇరవై రెండు డిగ్రీలు. ఆకు మీద మంచులా తడి ఉండాలి కానీ కారకూడదు. కారితే బీజాలు మట్టిలోకి పోతాయి.

పన్నెండు నుంచి పద్నాలుగు రోజులకు ఆకును వెలుతురుకు ఎత్తి చూడండి. ఏమీ లేకపోతే 0. సూదిమొనంత తెల్ల మచ్చ ఉంటే చుక్క గుర్తు. చిన్న పొక్కు చుట్టూ ఎండిన వలయం ఉంటే 1, పొక్కు కాస్త పెద్దదై చుట్టూ ఎండినా, పాలిపోయినా 2. పొక్కు మధ్యరకమైతే 3, పెద్దదై చుట్టూ ఆకు పాలిపోకుండా ఆకుపచ్చగానే ఉంటే 4. మొదటి నాలుగూ నిరోధకం, చివరి రెండూ లొంగినట్టు. ఎల్ఆర్24 ఉన్న మొక్క మీద చుక్కలు, మహా అయితే 1 వస్తుంది. అన్నిటికంటే ముందు ఆగ్రా లోకల్ చూడండి. దాని మీద 3 గానీ 4 గానీ రాకపోతే బీజం పట్టలేదన్నమాట. అప్పుడు నిరోధకంగా కనిపించేవన్నీ అబద్ధమే, పరీక్ష మళ్ళీ చేయాల్సిందే.

ఇరవైలో 14 లొంగి 6 నిలిచాయనుకోండి. ఆశించింది పదీ పదీ. తేడా 4, దాని వర్గం 16, పదితో భాగిస్తే 1.6. రెండు వైపులా కలిపి 3.2. ఈ కై-వర్గ పరీక్షలో హద్దు 3.84, అది దాటలేదు కాబట్టి ఇది మామూలు ఊగిసలాటే. 17కు 3 వస్తే 9.8 అవుతుంది, కాకతాళీయం అనలేం. దొంగ గింజలు ఎక్కువని అర్థం, తిత్తులు తీసిన చేయి ఇంకా కుదరలేదు.

నిరోధక మొక్కలను మళ్ళీ మన రకం మీద వేయండి. మన రకం వాటా బిసి1లో 75, బిసి2లో 87.5, బిసి3లో 93.75 శాతానికి చేరుతుంది. ప్రతి మెట్టులోనూ ఇదే పరీక్ష. బిసి3ని స్వపరాగానికి వదిలితే నిరోధక మొక్కల్లో మూడింట ఒకటే స్థిరమైనది (జన్యువు రెండు ప్రతులూ ఉన్నది). అందుకే ఎనిమిది నిరోధక మొక్కలు పట్టుకుని, ఒక్కోదాని సంతతి ఇరవై మొలకలను పరీక్షించండి. ఒక్కటీ లొంగని వరసే మీ విత్తనం. ఏడాదికి రెండు తరాలు లాగాలంటే హిమాచల్‌లో లాహౌల్‌లోని దలాంగ్ మైదాన్‌లోనో, నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లోనో వేసవి పంట వేస్తారు.

వెల్లింగ్టన్ పేరు ఎత్తాం కాబట్టి ఒక హెచ్చరిక. ఎండాకాలం మైదానాల్లో తుప్పు చచ్చిపోతుందని, కొండల్లో బతికి మళ్ళీ దిగుతుందని తుప్పు తెగుళ్ళ శాస్త్రవేత్త కె.సి.మెహతా చూపించారు. అందుకే కొత్త రేసులు అక్కడ ముందు కనిపిస్తాయి. ఎస్ఆర్24ను జయించే నల్ల తుప్పు రేసు 40-1 నీలగిరుల్లోనే బయటపడింది. ఆఫ్రికాలో పుట్టిన నల్ల తుప్పు రేసు యూజీ99 కుటుంబంలోనూ ఎస్ఆర్24ను ఓడించే రూపం 2006లో కెన్యాలో దొరికింది. ఒకే ముక్కలో వచ్చినా ఎల్ఆర్24 వేరే శత్రువుతో తలపడుతుంది కాబట్టి దాని లెక్క వేరు. మీరు తయారుచేసిన వరస నల్ల తుప్పుకూ నిలుస్తుందని మాత్రం ఈ పాఠంలోని ఆకు తుప్పు పరీక్ష చెప్పదు.

వచ్చే పాఠంలో ఎల్ఆర్34. మొలకలో దాదాపు కనిపించని, చేలో మాత్రమే తుప్పును నెమ్మదింపజేసే జన్యువు. దానికి కప్పులు పనికిరావు. ఆగ్రా లోకల్ విత్తనం అర కిలో సిద్ధంగా ఉంచుకోండి, మడుల చుట్టూ తుప్పు పెంచే వరసలకు కావాలి.