కొత్త హార్డ్ డిస్క్‌లో 69 జీబీ ఎటు పోయింది?

1 టీబీ హార్డ్ డిస్క్ కొని విండోస్ కంప్యూటర్‌కి తగిలించగానే 931 జీబీ అని చూపిస్తే టెన్షన్ పడకండి. షాపువాళ్లు మోసం చేయలేదు, డిస్క్ పాడూ కాలేదు. తయారీ కంపెనీలు వెయ్యి లెక్కన కొలుస్తాయి, వాళ్ల 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది. లక్ష కోట్లను 1024తో మూడుసార్లు భాగించండి, దాదాపు 931 వస్తుంది. అలాగే 500 జీబీది 465గా, 2 టీబీది 1.81 టీబీగా కనిపిస్తుంది. నమ్మకం కుదరకపోతే డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. కెపాసిటీ పక్కన బైట్ల అంకె మొత్తం ఉంటుంది, అది లక్ష కోట్లకు దగ్గర్లో ఉంటే మీ డిస్క్ మీకు పూర్తిగా అందినట్టే. మ్యాక్‌లో అయితే ఈ గొడవే లేదు, అదీ వెయ్యి లెక్కనే చూపిస్తుంది.

ఇంకో మాట. పాతరకం హార్డ్ డిస్క్ లోపల ప్లాటర్ అనే గుండ్రటి పళ్లెం నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంది. డేటా చదివే హెడ్ దాన్ని తాకకుండా, వెంట్రుక మందం కంటే ఎన్నో రెట్లు తక్కువ ఎత్తులో తేలుతుంది. అందుకే అది నడుస్తున్నప్పుడు కదపొద్దు, కింద పడనివ్వొద్దు. లోపల్నుంచి టక్ టక్ అని ఆగకుండా చప్పుడు వస్తే మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకండి. ఆపేసి, డేటా రికవరీ తెలిసినవాళ్లకి చూపించండి. పిల్లల ఫొటోలు అందులో ఒక్కచోటే ఉంటే, ఈరోజే ఇంకో డిస్క్‌లోకి కాపీ చేయండి.