ఎలెవెన్ ప్లస్ రాయించే ముందు చూసుకోవాల్సినవి

ఇంగ్లండ్‌లో ఇయర్ 5 (9-10 ఏళ్ల) పిల్లలున్న మనవాళ్లకి. ఎలెవెన్ ప్లస్ అంటే గ్రామర్ స్కూళ్లలో (పరీక్ష పెట్టి పిల్లల్ని చేర్చుకునే ప్రభుత్వ హైస్కూళ్లు) సీటు కోసం రాసే ప్రవేశ పరీక్ష:

• ముందు రిజిస్ట్రేషన్ తేదీ చూడండి. పరీక్ష సెప్టెంబర్‌లో అయినా, చాలాచోట్ల నమోదు వేసవి సెలవులకు ముందే అయిపోతుంది. కెంట్‌లో జూలై మొదటికల్లా మూసేస్తారు. గడువు దాటితే ఇన్నాళ్ల కోచింగ్ వృథా.

• పరీక్షకు పేరిస్తే సీటు అడిగినట్టు కాదు. మీ ఊరి కౌన్సిల్‌కిచ్చే స్కూలు అడ్మిషన్ ఫారం అక్టోబర్ 31లోగా వేరుగా నింపాలి.

• ఫారంలో అన్నీ గ్రామర్ స్కూళ్లే రాయకండి. పాసైనా సీటు గ్యారంటీ లేదు. కొన్ని స్కూళ్లు మార్కుల వరుస చూస్తాయి, కొన్ని ఇంటి దూరం. ఏదీ రాకపోతే మార్చి 1న ఖాళీలున్న ఏదో స్కూలు ఇస్తారు. దగ్గర్లోని మంచి కాంప్రిహెన్సివ్ (ప్రవేశ పరీక్ష లేని మామూలు ప్రభుత్వ హైస్కూలు) ఒకటి తప్పక రాయండి.

• ఆన్సర్ షీట్ మీద టైం పెట్టి ప్రాక్టీస్ చేయించండి. 14వ ప్రశ్న వదిలేసి, 15 జవాబు 14 గడిలో దిద్దితే కింద అన్నీ తప్పే.