గిట్‌లోకి ఏం రాకూడదో మొదటి కమిట్‌కి ముందే చెప్పండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టులు గిట్ (కోడులో జరిగే ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే టూలు) వాడి గిట్‌హబ్ అనే సైట్లో పెట్టడం ఇప్పుడు మామూలైపోయింది, అది మంచి అలవాటే. కానీ రిపో (ప్రాజెక్టు ఫైళ్లూ, వాటి మార్పుల హిస్టరీ ఉండే చోటు) తెరిచి చూస్తే పిల్లలు రాసిన కోడు పట్టుమని పది ఫైళ్లుంటుంది, దాని చుట్టూ వేల ఫైళ్ల నోడ్ మాడ్యూల్స్ (ఇన్‌స్టాల్ చేసిన లైబ్రరీలు), పైథాన్ క్యాష్ ఫోల్డర్లు, ఎవరి ల్యాప్‌టాప్‌లోదో ఎడిటర్ సెట్టింగులు, ఒక్కోసారి డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా పబ్లిక్‌గా కనిపిస్తుంటాయి. వీటిని గుమ్మం దగ్గరే ఆపడానికి .గిట్‌ఇగ్నోర్ అనే చిన్న టెక్స్ట్ ఫైలు చాలు. అది ఎలా రాయాలో, రాశాక కూడా పని చెయ్యకపోతే ఏం చూడాలో చెప్తాను. కమాండ్లు, ఫైలు పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి, మీరు టైపు చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషులోనే కొట్టాలి.

అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. గిట్‌ఇగ్నోర్ పని చేసేది గిట్ ఇంకా ట్రాక్ చెయ్యని, అంటే తన జాబితాలోకి తీసుకోని ఫైళ్ల మీదే. ఒక్కసారి యాడ్ చేసి కమిట్ కొట్టిన (హిస్టరీలో సేవ్ చేసిన) ఫైలును ఆ తర్వాత ఇగ్నోర్‌లో ఎన్నిసార్లు రాసినా గిట్ దాన్ని వదలదు, మీరు మార్చిన ప్రతిసారీ స్టేటస్‌లో చూపిస్తూనే ఉంటుంది. "ఇగ్నోర్‌లో పెట్టాను కానీ పోవట్లేదు" అని అడిగేవాళ్లలో ఎక్కువమంది సమస్య ఇదే. అందుకే గిట్ ఇనిట్ (ఫోల్డర్‌ని రిపోగా మార్చే కమాండ్) కొట్టాక చెయ్యాల్సిన మొదటి పని ఈ ఫైలు రాయడం. గిట్ యాడ్ చుక్క (ఫోల్డర్లో ఉన్నవన్నీ చేర్చే కమాండ్) ఆ తర్వాతే.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. పలాస జీడిపప్పు ఫొటో తీసి పెడితే అది డబ్ల్యూ 180నా, 240నా, 320నా అని గ్రేడు చెప్పే పైథాన్ ప్రాజెక్టు. (ఆ అంకె పౌనుకి సుమారుగా ఎన్ని పలుకులు తూగుతాయో చెప్తుంది, చిన్న అంకె అంటే పెద్ద గింజ.) టీమ్‌లో ఒకరు పలాస వెళ్లి ఫొటోలు తెస్తారు, మిగతావాళ్లు విజయనగరం హాస్టల్లో కూర్చుని కోడు రాస్తారు. ఫొటో ఒక్కోటి 3 ఎంబీ అనుకున్నా వెయ్యి ఫొటోలకు 3 జీబీ అవుతుంది. అది గిట్‌లోకి వెళ్లిందంటే రిపో క్లోన్ చేసే (తన కంప్యూటర్లోకి పూర్తి కాపీ తెచ్చుకునే) ప్రతి ఒక్కరూ మొబైల్ హాట్‌స్పాట్ మీద ఆ 3 జీబీ దించుకోవాలి, తర్వాత మీరు డిలీట్ చేసినా సరే, ఎందుకంటే పాత కమిట్లలో అది అలాగే ఉండిపోతుంది.

ఈ ప్రాజెక్టు ఫోల్డర్లో .గిట్‌ఇగ్నోర్ ఇలా ఉంటే బాగుంటుంది:

# పైథాన్ క్యాష్, లైబ్రరీలు ఇన్‌స్టాల్ అయ్యే ఫోల్డర్
__పైక్యాష్__/
వెన్వ్/
# పాస్‌వర్డ్‌లు, కీలు
.ఈఎన్‌వి
# లాగ్‌లు, ట్రైన్ చేసిన మోడల్
*.లాగ్
*.హెచ్5
# ఫొటోలు, నమూనా తప్ప
/డేటా/*
!/డేటా/నమూనా/

లైనుకి ఒక నియమం. హ్యాష్‌తో మొదలైతే కామెంట్, కానీ అది లైను మొదట్లోనే ఉండాలి. నియమం రాసి పక్కనే హ్యాష్ పెట్టి వివరణ రాస్తే గిట్ ఆ మొత్తాన్నీ ఫైలు పేరే అనుకుంటుంది, ఏదీ ఆగదు. నక్షత్రం గుర్తు (*) అంటే స్లాష్ తప్ప ఏ అక్షరాలైనా, ఎన్నైనా. చివర స్లాష్ ఉంటే అది ఫోల్డర్లకే వర్తిస్తుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది మొదట్లో పెట్టే స్లాష్ దగ్గర. చాలామంది ఫొటోల కోసం డేటా/ అని మాత్రమే రాసేసి ఊరుకుంటారు. మొదట్లో గానీ మధ్యలో గానీ స్లాష్ లేని నియమం రిపోలో ఏ లోతులో ఉన్న డేటా ఫోల్డర్‌కైనా తగులుతుంది. మీ కోడులో సోర్స్ ఫోల్డర్ లోపల ఇంకో డేటా ఫోల్డర్ ఉండి, అందులో ఫొటోలు చదివే లోడర్ ఫైలు ఉందనుకోండి, అది కూడా చప్పుడు లేకుండా బయటే ఉండిపోతుంది. మీ ల్యాప్‌టాప్‌లో ఫైలు ఉంది కాబట్టి ప్రోగ్రామ్ చక్కగా నడుస్తుంది, మీ ఫ్రెండ్ క్లోన్ చేసి నడిపితే మాడ్యూల్ దొరకలేదని ఎర్రర్ వస్తుంది, ఇద్దరూ రాత్రంతా పైథాన్ వెర్షన్లు చూసుకుంటూ కూర్చుంటారు. /డేటా/ అని ముందు స్లాష్ పెడితే ఆ ఇగ్నోర్ ఫైలు ఉన్న చోటి డేటా ఫోల్డర్ ఒక్కటే ఆగుతుంది.

మరి పైన నేను /డేటా/ అనకుండా /డేటా/* అని ఎందుకు రాశానంటే, కొత్తగా వచ్చినవాళ్లు ప్రోగ్రామ్ నడిపి చూడ్డానికి ఓ పది ఫొటోలు నమూనా ఫోల్డర్లో రిపోలోనే ఉంచాలి. ఆశ్చర్యార్థకం పెట్టిన లైను "దీన్ని మాత్రం వదిలెయ్" అని చెప్తుంది. కానీ ఫోల్డర్‌నే మొత్తంగా ఇగ్నోర్ చేసేస్తే గిట్ ఆ ఫోల్డర్ లోపలికి తొంగి కూడా చూడదు, కాబట్టి లోపల ఉన్నదాన్ని మినహాయించడం కుదరదు. /డేటా/* అంటే ఫోల్డర్‌ని వదిలి లోపలున్నవాటిని ఒక్కొక్కటిగా ఆపమని అర్థం, అప్పుడు నమూనాకి మినహాయింపు పని చేస్తుంది. వరస కూడా ముఖ్యమే, ఒకే ఫైలుకి రెండు లైన్లు తగిలితే కిందున్న లైనుదే చెల్లుబాటు. అందుకని ఆశ్చర్యార్థకం లైను ఎప్పుడూ కిందే రాయండి.

ఏది ఆపాలి, ఏది ఆపకూడదు అన్నది ఎలా తేల్చుకోవాలి? మళ్లీ ఒక కమాండ్ కొడితే తయారయ్యేది రానక్కర్లేదు. రహస్యం అసలే రాకూడదు. కానీ రిక్వైర్‌మెంట్స్ టెక్స్ట్ ఫైలు, నోడ్ ప్రాజెక్టుల్లో ప్యాకేజ్ లాక్ ఫైలు మాత్రం తప్పకుండా రిపోలో ఉండాలి, అందరి దగ్గరా అవే వెర్షన్లు ఇన్‌స్టాల్ అవ్వడానికి అవే ఆధారం. లాక్ ఫైలు పెద్దగా ఉందని దాన్ని ఇగ్నోర్‌లో పెట్టేవాళ్లను చూస్తుంటాను, దయచేసి ఆ పని చెయ్యకండి. .ఈఎన్‌వి ఆపినప్పుడు పక్కనే .ఈఎన్‌వి.ఎగ్జాంపుల్ అని పేర్లు మాత్రం ఉండి విలువలు ఖాళీగా ఉన్న ఫైలు ఒకటి కమిట్ చెయ్యండి, ఏ కీలు కావాలో తర్వాత వచ్చేవాళ్లకు తెలుస్తుంది.

మీ ఒక్కరికే పనికొచ్చే నియమాలు, అంటే మీ ఎడిటర్ ఫోల్డరో, మ్యాక్ వదిలే .డీఎస్_స్టోర్ ఫైలో, వీటిని అందరి ఇగ్నోర్ ఫైల్లో నింపక్కర్లేదు. గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.ఎక్స్‌క్లూడ్స్‌ఫైల్ అని కొట్టి మీ హోమ్ ఫోల్డర్లో ఒక ఫైలు చూపిస్తే మీ మెషీన్లో అన్ని రిపోలకూ అది వర్తిస్తుంది. కాలేజీ ల్యాబ్ కంప్యూటర్లో అయితే గ్లోబల్ జోలికి వెళ్లకండి, ఆ లాగిన్ పదిమంది వాడతారు. రిపో లోపల .గిట్/ఇన్ఫో/ఎక్స్‌క్లూడ్ అనే ఫైలుంటుంది, అందులో రాస్తే ఆ రిపోలో, ఆ కాపీకి మాత్రమే.

ఇప్పటికే కమిట్ అయిపోయినవాటి సంగతి. గిట్ ఆర్ఎమ్ --క్యాష్డ్ అని కొట్టి ఫైలు పేరు ఇవ్వండి, ఫోల్డరైతే మధ్యలో -ఆర్ చేర్చండి. ఫైలు మీ డిస్కులో ఉంటుంది, గిట్ ట్రాక్ చెయ్యడం మానేస్తుంది. ఆ మార్పుని కమిట్ చేసి పుష్ చెయ్యండి, అంటే గిట్‌హబ్‌కి పంపండి. కానీ టీమ్‌లో మిగతావాళ్లు పుల్ చేసినప్పుడు (కొత్త మార్పులు దించుకున్నప్పుడు) వాళ్ల దగ్గర ఆ ఫైలు నిజంగానే డిలీట్ అవుతుంది, కాబట్టి ముందే వాట్సాప్ గ్రూపులో ఒక మాట చెప్పి, కాపీ పక్కన పెట్టుకోమనండి.

పెద్ద ఫైలు విషయంలో ఇంకో చిక్కుంది. గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైలుని తీసుకోదు. మోడల్ ఫైలు అంతకంటే పెద్దదై పుష్ రిజెక్ట్ అయితే, దాన్ని తీసేసి మరో కమిట్ చేసి మళ్లీ పుష్ కొడతారు, మళ్లీ రిజెక్ట్. పుష్‌తో పాటు మధ్యలోని కమిట్లన్నీ వెళ్తాయి, వాటిలో ఆ ఫైలు ఉంది కదా. చివరి కమిట్‌లోనే చేరిందైతే ఆర్ఎమ్ --క్యాష్డ్ చేసి గిట్ కమిట్ --అమెండ్ (చివరి కమిట్‌నే సరిదిద్దే కమాండ్) అంటే సరిపోతుంది. పుష్ కాని కమిట్లు నాలుగైదు ఉంటే గిట్ రీసెట్ --సాఫ్ట్ ఆరిజిన్/మెయిన్ కొట్టండి, మీ మార్పులన్నీ స్టేజ్‌లో (తర్వాతి కమిట్‌కి సిద్ధంగా) అలాగే ఉంటాయి, మోడల్‌ని ఆర్ఎమ్ --క్యాష్డ్‌తో బయటకు తీసి, ఇగ్నోర్‌లో రాసి, ఒకే కమిట్‌గా చెయ్యండి.

పాస్‌వర్డో, ఏపీఐ కీయో (బయటి సర్వీసు వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడు) పబ్లిక్ రిపోలోకి వెళ్లిపోతే మాత్రం హిస్టరీ శుభ్రం చెయ్యడం రెండో పని. మొదటి పని ఆ కీని వెంటనే రద్దు చేసి కొత్తది తీసుకోవడం. గిట్‌హబ్‌లో కీల కోసం వెతికే బాట్లు నిరంతరం తిరుగుతుంటాయి, మీరు డిలీట్ కమిట్ కొట్టేలోపే అది ఎవరి చేతికో చిక్కి ఉండొచ్చు. రద్దు చేశాక గిట్ ఫిల్టర్-రిపో టూలుతో పాత కమిట్ల నుంచి తీసెయ్యొచ్చు.

ఇవన్నీ చేసినా ఒక ఫైలు ఎందుకు ఆగిందో, ఎందుకు ఆగలేదో అర్థం కాకపోతే ఊహించుకుంటూ కూర్చోవద్దు. గిట్ చెక్-ఇగ్నోర్ -వి కొట్టి ఫైలు దారి ఇవ్వండి. ఏ ఇగ్నోర్ ఫైల్లో, ఎన్నో లైన్లో, ఏ నియమం తగిలిందో చూపిస్తుంది. పైన చెప్పిన లోడర్ ఫైలు తగాదా దీంతో నిమిషంలో తేలిపోతుంది. ఏమీ చూపించలేదంటే నియమం తగల్లేదు, లేదా ఆ ఫైలు ముందే ట్రాక్ అయి ఉంది. విండోస్‌లో ఇంకో రెండు చూడండి. నోట్‌ప్యాడ్ మీ ఫైలుని .గిట్‌ఇగ్నోర్.టీఎక్స్‌టీ అని సేవ్ చేసి ఉండొచ్చు, ఎక్స్‌ప్లోరర్ ఆ చివరి ముక్కని దాచేస్తుంది. పాత పవర్‌షెల్‌లో ఎకో కొట్టి బాణం గుర్తుతో ఫైలు తయారుచేస్తే యూటీఎఫ్-16 అనే వేరే ఎన్‌కోడింగ్‌లో సేవ్ అవుతుంది, గిట్ దాన్ని చదవలేదు, యూటీఎఫ్-8లో మళ్లీ సేవ్ చెయ్యండి.

చివరగా, ఇగ్నోర్ చేసిన ఫైలుకి గిట్‌లో ఇంకో కాపీ ఉండదు. పలాస వెళ్లి తెచ్చిన ఫొటోలు డ్రైవ్‌లోనో హార్డ్ డిస్క్‌లోనో వేరేగా పెట్టుకోండి, ఎక్కడున్నాయో రీడ్‌మీలో రాయండి. గిట్ క్లీన్‌కి పెద్ద ఎక్స్ ఇస్తే ఇగ్నోర్ అయినవి మాత్రమే, చిన్న ఎక్స్ ఇస్తే ట్రాక్ కానివన్నీ చెరిపేస్తుంది. ఆ ఫొటోలు, .ఈఎన్‌వి రెండిట్లోనూ పోతాయి. అందుకే ముందు -ఎన్ పెట్టి ఏమేం పోతాయో జాబితా చూసుకుని, ఆ తర్వాతే -ఎఫ్ కొట్టండి.