బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్‌కు సొంత మోడెం పెట్టుకోవడం ఎలా?

బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్ కనెక్షన్‌తో వచ్చిన మోడెం పాడైతే కొత్తది కొని మనమే పెట్టుకోవచ్చు. అరగంట పని. దాన్ని మూడు రోజుల పని చేసుకునేవాళ్ళే ఎక్కువ. పాత మోడెం వెనకున్న సన్నటి కన్నంలో పిన్ను గుచ్చి రీసెట్ చేసేయడంతోనే గొడవ మొదలవుతుంది. ఆ ఒక్క నొక్కుతో లోపలున్న వీలాన్ నెంబరు (లైన్‌లో మీ నెట్ నడిచే దారి నెంబరు), యూజర్ ఐడీ, ల్యాండ్‌లైన్ వివరాలు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఆ తర్వాత ఎక్స్ఛేంజ్‌కి ఫోన్ చేస్తే "మీ ఐడీ చెప్పండి" అంటారు, చెప్పడానికి ఏమీ ఉండదు. కాబట్టి పిన్ను జోలికి పోవద్దు.

ఏది కొనాలి

మనం మోడెం అంటాం గానీ డబ్బా మీద ఓఎన్‌టీ అని ఉంటుంది. జీపాన్ లేదా ఎక్స్‌పాన్ అని రాసి ఉన్నదే తీసుకోండి. జీపాన్, ఈపాన్ రెండు రకాల ఫైబర్ లైన్లు, ఎక్స్‌పాన్ రెండిటికీ పనికొస్తుంది. ఈపాన్ ఒక్కటే ఉన్నది చవగ్గా వస్తుంది, జీపాన్ లైన్ మీద మాత్రం పనిచేయదు. వేరే కంపెనీ వాళ్ళు ఇచ్చిన డబ్బాను వాడేద్దామనుకోకండి, చాలావాటికి లోపల తాళం వేసి ఉంటుంది. ల్యాండ్‌లైన్ కావాలంటే ఫోన్ పోర్టు ఉండాలి. వైఫై రెండు బ్యాండ్లదే కొనండి. డబ్బు కట్టేముందు మీ ప్రాంతంలో బీఎస్‌ఎన్‌ఎల్ లైన్లు చూసే ఫ్రాంచైజీ వాళ్ళను "మన ఓఎల్‌టీకి ఏ మోడల్ కుదురుతుంది?" అని అడగండి. ఓఎల్‌టీ అంటే మన ఫైబర్ వెళ్ళి కలిసే ఎక్స్ఛేంజ్‌లోని యంత్రం. ఒక్కో ఎక్స్ఛేంజ్‌లో ఒక్కో కంపెనీ ఓఎల్‌టీ ఉంటుంది, అన్ని మోడెంలూ అన్నిటితో కలవవు.

పాతది తీయకముందు

పాత మోడెం ఇంకా వెలుగుతుంటే బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి లోపలికి వెళ్ళండి. చాలా మోడెంలకు అదే చిరునామా. కాకపోతే వెనక స్టిక్కర్ మీద ఉంటుంది, పాస్‌వర్డ్ కూడా అక్కడే. వ్యాన్ (WAN, బయటి నెట్‌తో కలిపే సెట్టింగ్‌లు) పేజీ తెరిచి ఫోన్‌తో ఫోటోలు తీసుకోండి. వీలాన్ నెంబరు, యూజర్ ఐడీ స్పష్టంగా కనిపించాలి. కనెక్షన్ పాస్‌వర్డ్ చుక్కలుగా కనిపిస్తుంది, దాన్ని ఎక్స్ఛేంజ్ వాళ్ళనే అడగాలి. పాతది పూర్తిగా చచ్చిపోయి ఉంటే మూడూ వాళ్ళనే అడగండి.

ఈ పని పొద్దున పదిన్నర తర్వాత, పనిరోజునే పెట్టుకోవాలి. శనివారం సాయంత్రం మొదలుపెట్టినవాళ్ళకు సోమవారం దాకా నెట్ ఉండదు.

వైరు, సీరియల్ నెంబరు

ఫైబర్ వైరు కొసన ఉన్న ప్లగ్ రంగు చూడండి. ఆకుపచ్చ ప్లగ్ మొన 8 డిగ్రీల వాలుగా చెక్కి ఉంటుంది, నీలం ప్లగ్‌కి ఆ వాలు ఉండదు. పచ్చదాన్ని నీలం పోర్టులో పెడితే చక్కగానే దూరుతుంది, కానీ మధ్యలో సందు మిగిలి వెలుగు చాలావరకు పోతుంది. రంగులు కలవకపోతే ఫ్రాంచైజీ వాళ్ళ దగ్గర ఒక వైపు పచ్చ, రెండో వైపు నీలం ఉన్న ప్యాచ్ కార్డ్ (చిన్న ఫైబర్ వైరు) తీసుకోండి. మొనను వేలితో ముట్టుకోవద్దు, నోటితో ఊదొద్దు, కంటికి ఎదురుగా పెట్టి చూడొద్దు. అందులో వచ్చే లేజర్ కంటికి కనిపించేది కాదు. మిగిలిన వైరును స్టీలు గ్లాసు మూతి కన్నా చిన్న చుట్టగా చుట్టకండి.

తర్వాత కొత్త మోడెం సీరియల్ నెంబరును ఎక్స్ఛేంజ్‌కో ఫ్రాంచైజీకో పంపాలి. వాళ్ళు పాత సీరియల్ తీసేసి కొత్తది ఎక్కిస్తేనే లైన్ దాన్ని గుర్తిస్తుంది. స్టిక్కర్ మీద 12 అక్షరాలవి రెండు కనిపిస్తాయి, మాక్ అడ్రస్ ఒకటి, జీపాన్ ఎస్‌ఎన్ ఒకటి. పంపాల్సింది రెండోది. మొదటి 4 కంపెనీ అక్షరాలు, మిగతా 8 చోట్ల అంకెలూ ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలే వస్తాయి. కాబట్టి ఆ 8లో గుండ్రంగా ఉన్నది సున్నానే, ఓ అక్షరం కాదు. నోటితో చెప్పకుండా ఫోటో పంపండి, బీ, డీ, ఈ అక్షరాలు ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి.

ఎర్రగా లాస్ (LOS) దీపం వెలిగితే వెలుగే రావట్లేదు, వైరు చూసుకోవాలి. పాన్ (PON) దీపం మిణుకుతుంటే వెలుగు వస్తోంది గానీ సీరియల్ ఇంకా ఎక్కలేదు. పాన్ నిలకడగా వెలిగితేనే ముందుకు వెళ్ళండి. అది మిణుకుతున్నంతసేపు సెట్టింగ్‌లతో కుస్తీ పట్టడం దండగ.

అసలు చిక్కు: వ్యాన్ పేజీ

పని చెడేది ఇక్కడే, తొందరపడకండి. కొత్త మోడెంలో ముందే ఒకటో రెండో వ్యాన్ కనెక్షన్లు పెట్టి ఉంటాయి. అన్నీ తీసేసి కొత్తగా ఒకటి చేయండి. పాతవి ఉంచేసి పక్కన ఇంకోటి చేరిస్తే ఏ దారిన వెళ్ళాలో మోడెంకే తెలియక నెట్ వచ్చిపోతూ ఉంటుంది.

మోడ్ దగ్గర రూట్, రకం దగ్గర పీపీపీఓఈ (ఐడీ, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పద్ధతి), సర్వీస్ దగ్గర ఇంటర్నెట్ ఎంచుకోండి. నాట్ (NAT, ఒక్క కనెక్షన్‌ను ఇంట్లో అన్నిటికీ పంచేది) టిక్ పెట్టి ఉండాలి. బ్రిడ్జ్ మోడ్ పెట్టి వేరే రౌటర్‌తో డయల్ చేయిస్తే స్పీడ్ పెరుగుతుందని యూట్యూబ్‌లో చెప్తుంటారు. ప్లాన్ స్పీడ్ ప్లానుదే, బ్రిడ్జ్ పెట్టినంత మాత్రాన పెరగదు. పైగా రెండు డబ్బాలు, రెండు అడాప్టర్లు, తేడా వస్తే రెండుచోట్ల వెతుకులాట. మామూలు ఇంటికి ఒకే డబ్బా, రూట్ మోడ్.

వీలాన్ దగ్గర టిక్ పెట్టి మీ నెంబరు రాయండి. పక్కింటి నెంబరు, బంధువుల ఊరి నెంబరు పనికిరావు, ఓఎల్‌టీని బట్టి మారుతుంది. ఇది తప్పయితే మోడెం "కనెక్టింగ్" అంటూ గంటలకొద్దీ అలాగే ఉంటుంది, ఏ తప్పూ చూపించదు. ఐడీ గానీ పాస్‌వర్డ్ గానీ తప్పయితే మాత్రం అథెంటికేషన్ ఫెయిల్ అని వస్తుంది. ఈ రెండిటి తేడా తెలియకే వీలాన్ తప్పు పెట్టుకుని రోజంతా పాస్‌వర్డ్ మారుస్తూ కూర్చుంటారు.

యూజర్ ఐడీని ఎట్ గుర్తు తర్వాతి భాగంతో సహా పూర్తిగా రాయాలి. వాట్సాప్ నుంచి కాపీ చేస్తే చివర ఖాళీ చోటు అతుక్కుని వస్తుంది, కంటికి కనిపించదు. ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాన్ని పెద్దది చేసేస్తుంది. అందుకే ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో కలిపి చేత్తో టైప్ చేయండి. వైఫై మీద ఈ పని చేయొద్దు.

ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్‌లో పట్టే డేటా, బైట్లలో) 1492 ఉండాలి. 1500లో 8 పీపీపీఓఈకే పోతాయి. 1500 వదిలేస్తే చాలా సైట్లు తెరుచుకుంటాయి, ఒకటి రెండు బ్యాంకు పేజీలు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. అప్పుడు జనం బ్యాంకును తిడతారు.

కింద ల్యాన్ పోర్టుల పేర్లు, వైఫై పేర్లు వరసగా ఉండి పక్కన టిక్ గడులు ఉంటాయి. అన్నిటికీ టిక్ పెట్టండి. మరిచిపోతే మోడెంకి నెట్ ఉంటుంది, ఇంటర్నెట్ దీపం కూడా వెలుగుతుంది, మీ ఫోన్‌కే రాదు.

అప్లై నొక్కాక అయిపోయిందనుకోకండి. కొన్ని మోడళ్ళలో విడిగా సేవ్ గానీ కమిట్ గానీ నొక్కాలి, లేకపోతే మొదటిసారి కరెంటు పోగానే అన్నీ మాయం. అన్నీ సరిగ్గా ఉన్నా డయల్ కాకపోతే పాత సెషన్ (ముందటి లాగిన్) ఇంకా సర్వర్‌లో వేలాడుతున్నట్టు. పదిహేను నిమిషాలు మోడెం ఆపేసి మళ్ళీ వేయండి.

చివరిగా

స్టేటస్ పేజీలో ఆప్టికల్ పవర్ అని, ఆర్‌ఎక్స్ పక్కన ఒక అంకె ఉంటుంది. అది వచ్చే వెలుగు బలం, డీబీఎంలలో కొలుస్తారు. మైనస్ 15 నుంచి మైనస్ 24 డీబీఎం మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దగ్గరుంటే ఈరోజు పనిచేసినా త్వరలోనే తెగుతూ వస్తూ ఉంటుంది. అది సెట్టింగ్‌తో పోయేది కాదు, 1800 4444కి చెప్పి జాయింటు చూపించుకోండి.

వైఫై పేరు, పాస్‌వర్డ్ మార్చుకోండి. 2.4 బ్యాండ్‌లో ఛానల్ ఆటోలో వదలకుండా 1, 6, 11లో ఒకటి పెట్టండి. మోడెం లోపలికి వెళ్ళే అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చి కాగితం మీద రాసిపెట్టుకోండి.

ల్యాండ్‌లైన్ నెట్‌తో పాటు తనంతట తాను రాదు. దానికి వేరే ఐడీ, వేరే సెట్టింగ్ ఉంటాయి, ఎక్స్ఛేంజ్ వాళ్ళ చేతే చేయించండి. పాత మోడెం అద్దెదైతే తిరిగిచ్చి రసీదు తీసుకోండి, లేదంటే బిల్లులో అద్దె వస్తూనే ఉండొచ్చు.